బోడి సెట్

పుట్టి బుద్ధెరిగాక నేను ఎవర్నీ ఆటపట్టించలేదు. ఈ విషయంలో నాకున్నంత మంచిపేరు చుట్టుపక్కల పది వీధుల్లో ఏ ఆడపిల్లకీ లేదు. కావాలంటే, నేను టిఫిన్ డబ్బాలు తోముతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మా అత్తయ్యని అడగండి.

"రిమోట్ మూతికి టేపు అంటించింది నువ్వేనా?" అంది అత్తయ్య.

"దానికి జలుబు చేసిందత్తయ్యా. మీకు అంటుకుంటుందని కట్టాను."

"మరి మా అబ్బాయి బూట్లలో ఒకటి తీసేసి చిన్న సైజుది పెట్టింది?"

"ఈ వయసులో కూడా పాదం పెరుగుతోందని సంతోషిస్తారని."

అత్తయ్య నవ్వు ఆపుకుని, ఆపుకున్న సంగతి నాకు తెలియకూడదని మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయింది. సరే, ఒకటీ అరా చేసుంటాను. కానీ ఇప్పుడు చెప్పబోయే రోజు జరిగినదాంట్లో మాత్రం నా ప్రమేయం లేదు. ఆ రోజు నెట్ పోయింది. ముందే చెప్తున్నాను.

మా కంపెనీ ఆసుపత్రుల కోసం పుస్తకాలు చేస్తుంది. కాగితం పుస్తకాలు కావు, ఫోన్లోనో కంప్యూటర్లోనో తెరుచుకునేవి. ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్ళినవాళ్ళు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలి, కట్టు తడిస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివన్నీ వాటిలో ఉంటాయి. ఒక అధ్యాయం మీద నొక్కితే విచ్చుకుంటుంది, మళ్ళీ నొక్కితే ముడుచుకుంటుంది. మధ్యలో ఒక చిన్న కిటికీ తెరుచుకుని ప్రశ్న అడుగుతుంది. ఆ మడతలు, ఆ కిటికీలు, బటన్లు, మెనూలు, వీటిని కాంపొనెంట్లు అంటారు. ఒకసారి సరిగ్గా చేసిపెడితే ఎన్ని పుస్తకాల్లోనైనా వాడుకోవచ్చు. చేసేది నేను. నేను చేసినవాటికి రంగుండదు, గుండ్రటి అంచులుండవు, నీడలుండవు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, అంతే. ఏ ఆసుపత్రికి నచ్చిన సోకులు ఆ ఆసుపత్రికి తర్వాత చేస్తారు. చేసేది మా ఆయన. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. అక్కడ ఆయన్ని అందరూ రంగులాయన అంటారు. నా కాంపొనెంట్లన్నింటికీ కలిపి బోడి సెట్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. తిట్టుకీ ముద్దుపేరుకీ మధ్యలో ఉండే మాట అది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే కొంచెం ఎక్కువ సేపు నవ్వాను, పట్టించుకున్నానని ఎవరూ అనుకోకుండా.

"రోజంతా ఏం చేస్తావమ్మా అక్కడ?" అని అత్తయ్య ఒకసారి అడిగింది.

"బటన్లు చేస్తానత్తయ్యా."

"ఏ రంగువి?"

"రంగుండదు."

"గుండ్రంగా ఉంటాయా, పలకగానా?"

"ఆకారం కూడా ఉండదు. నొక్కితే పనిచేస్తాయి."

అత్తయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "రంగూ లేదు, ఆకారమూ లేదు. అలాంటివాటికి నెలనెలా జీతమిస్తున్నారా?"

"ఇస్తున్నారు."

"మంచివాళ్ళమ్మా పాపం," అంది.

ఆ కిటికీ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. చదువుతున్న మనిషి ముందు ఉన్నట్టుండి చిన్న కిటికీ తెరుచుకుందనుకోండి. ఈ మందు మీకు పడుతుందా అని అడిగింది. జవాబు చెప్పి మూసేశారు. మూశాక ఆ మనిషిని ఎక్కడ దించాలి? అంతకుముందు ఏ వాక్యం దగ్గరున్నారో సరిగ్గా అక్కడ. కళ్ళతో చదివేవాళ్ళకి ఈ బాధ తెలియదు, కిటికీ తప్పుకోగానే వెనక పేజీ ఎప్పట్లా ఉంటుంది. మౌస్ లేకుండా కీబోర్డు మీదే నడిచేవాళ్ళనీ, కంప్యూటరు చేత పైకి చదివించుకుని చెవులతో చదివేవాళ్ళనీ మాత్రం మనం గుర్తుపెట్టుకుని వెనక్కి తీసుకెళ్ళాలి. లేకపోతే పుస్తకం వాళ్ళని మొదటి పేజీ మొదటి మాట దగ్గర పడేస్తుంది. వాళ్ళు మళ్ళీ అంత దూరమూ నడుచుకుంటూ రావాలి. కిటికీ తెరిచేముందు మనిషి ఎక్కడున్నారో గుర్తుపెట్టుకోవడం, మూశాక చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్ళడం, ఇదీ నేను రాసిన పని. ఎవరికీ కనపడదు. సరిగ్గా జరిగితే జరిగిందని కూడా తెలియదు.

అది రాసిన రోజుల్లో నేను ఇంటి నుంచి పనిచేస్తున్నాను. అత్తయ్య మోకాళ్ళు బాగా నొప్పి పెట్టిన రోజులవి. కూర్చుని ఒక వరస రాయగానే కళ్ళజోడు కనపడట్లేదని పిలిచేది. వెళ్ళి ఆవిడ తలమీంచి కళ్ళజోడు తీసి ఆవిడ ముక్కుమీద పెట్టేదాన్ని. అటునుంచి వస్తుంటే బట్టల మిషన్ ఆగిపోయి కూతపెట్టేది. బట్టలు ఆరేస్తుంటే ఆయన, ఆయన కూడా ఇంట్లోనే తలుపేసుకుని మీటింగులో ఉండేవారు, తలుపు కాస్త తీసి నా నీలం చొక్కా ఎక్కడుంది అని అడిగేవారు. బీరువా ముందు నిలబడే అడిగేవారు. చొక్కా తీసిచ్చి కుర్చీలోకి వచ్చి చూసుకుంటే తెర మీద సగం రాసిన మాట ఒకటి ఉండేది, దాని పక్కన మినుకుమినుకుమంటూ గీత. ఆ రెండో సగం ఏం రాద్దామనుకున్నానో ఎంతకీ గుర్తొచ్చేది కాదు. ఎవరు పిలిచినా లేచాను, ఎవరూ కోపంగా పిలవలేదు, అందరూ బతిమాలినట్టే పిలిచారు. నన్ను లేపే ఏర్పాట్లు ఇంట్లో ఎన్నో ఉన్నాయి. లేపినచోటికి తిరిగి తీసుకొచ్చే ఏర్పాటు మాత్రం ఎవరూ రాయలేదు. ప్రతిసారీ మొదటి పేజీ మొదటి మాట దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చాను.

మా ఇంటికి ఎవరైనా వస్తే ఆయన పళ్ళు కోస్తారు. ఊరికే కొయ్యరు, పువ్వుల్లా కోస్తారు. ఆ కళ ఆయన చేతిలో ఉంది, కాదనను. పళ్ళెం బల్ల మీద పెట్టగానే వచ్చినవాళ్ళు ఒక్క క్షణం మాట ఆపేసి చూస్తారు. ఎంత అదృష్టవంతురాలివే, మా ఆయన మంచినీళ్ళ గ్లాసు కూడా తీసుకోడు అంటారు. నేను నవ్వుతాను. ఏ పండు ఎక్కడ బాగుంటుందో, మెత్తబడింది ఏదో, వచ్చినవాళ్ళలో ఎవరికి ఏది పడదో తెలుసుకుని తెచ్చింది, కడిగింది, కత్తి పదునుపెట్టించింది, తొక్కలు ఎత్తింది, పళ్ళెం తోమింది వేరే ఎవరో అయ్యుంటారు. ఆ మనిషి నాకు ఎప్పుడైనా ఎదురుపడితే అడుగుదామనుకుంటున్నాను, నీకు అదృష్టం ఎలా ఉందమ్మా అని. ఆయన చెడ్డవారని నేను అనను. ఇద్దరమే ఉన్నప్పుడు ఆయన్ని నువ్వు అంటాను, అత్తయ్య ముందు మీరు అంటాను, ఆఫీసులో ఏదీ అనకుండా పని కానిస్తాను. ఫోనుకి తగ్గట్టు ముడుచుకోవడం, పెద్ద తెరకి తగ్గట్టు పరుచుకోవడం నా కాంపొనెంట్లకి నేనే నేర్పాను. నేనెక్కడ నేర్చుకున్నానో వేరే చెప్పాలా.

ఇంతలో ఆఫీసులో ఒక కబురు పుట్టింది. బోడి సెట్ బాగా కుదిరింది కాబట్టి దాన్ని కంపెనీ పుస్తకాలన్నింటికీ వాడాలని, దానికొక బాధ్యుణ్ణి వెయ్యాలని పైవాళ్ళు అనుకున్నారు. ఏది ఎలా పనిచెయ్యాలో ఆ మనిషి మాటే చెల్లుతుంది. ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు చూడ్డానికి వస్తారు, వాళ్ళకి నచ్చితే బాధ్యుడెవరో ఆ రోజే తేలుతుంది. వాళ్ళకి చూపించేది రంగులాయన.

ఆ బాధ్యత నాకు కావాలి. ఎంత కావాలంటే, నిద్రలో కూడా నా పళ్ళు దాని పేరే కొరుకుతున్నాయని మా దంతవైద్యుడు చెప్పగలడు. పైకి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అడగకుండానే ఇస్తారేమోనని ఒక పిచ్చి ఆశ. చేసిన మనిషిని నేనే కదా.

టీ మిషన్ దగ్గర మేనేజరుగారు కలిశారు. మేనేజరుగారు ఎప్పుడూ టీ తిప్పుతూనే ఉంటారు, చక్కెర వేసుకోరు.

"సగం రోజు పనికి మారుతున్నారటగా," అన్నారు. "రంగులాయన చెప్పారు. మంచి నిర్ణయమమ్మా. ఇంట్లో పెద్దావిడకి తోడుంటుంది."

ఎంత మంచి నిర్ణయమంటే, దాన్ని నాక్కూడా చెప్పకుండా తీసుకున్నారు. "అవునండి, మంచిది," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఎదురుగా ఉన్న మనిషి సంతోషంగా ఉన్నప్పుడు ఆ సంతోషం చెదరకుండా చూడ్డం నాకు అలవాటు.

ఇంటికెళ్ళాక పడగ్గది తలుపేసి అడిగాను. ఆయన మంచం అంచున కూర్చుని మేజోళ్ళు తీస్తున్నారు.

"నీకోసమే కదా," అన్నారు. "ఎంత అలిసిపోతున్నావో నేను చూడట్లేదా? ఆ బాధ్యత నాకొస్తే జీతం పెరుగుతుంది. నువ్వు హాయిగా సగం రోజు చేసుకుని అమ్మని చూసుకోవచ్చు. ఒక ఇంట్లో ఎవరి పేరైతే ఏంటి?"

"ఎవరిదైనా ఒకటే అయితే నాది పెట్టొచ్చుగా."

ఆయన నవ్వారు. వెక్కిరింపు కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "నువ్వేం చూపిస్తావు వాళ్ళకి? చూపించడానికి అందులో ఏముంది? నేను రంగు వేశాకేగా అది కనపడేది."

అని మేజోళ్ళు నేలమీద వదిలేసి స్నానానికి వెళ్ళారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటతోనే వంగి మేజోళ్ళు తీసి మాసిన బట్టల్లో వేశాను. వేశాక నా చేతుల వైపు చూసుకున్నాను. నేను కోపంగా ఉన్న సంగతి వాటికి ఎవరూ చెప్పినట్టు లేరు.

అత్తయ్యకి కూడా తెలుసునట. "వాడు పైకొస్తే నువ్వు పైకొచ్చినట్టే కదమ్మా," అంది, మోకాలికి మందు రాయించుకుంటూ. ఆ లెక్కన ఆయన భోంచేస్తే నాకు త్రేన్పు రావాలి. ఎంత ప్రయత్నించినా రాలేదు.

ఇక ఆ రోజు సంగతి. పొడుగాటి బల్ల, గోడకి పెద్ద తెర. ఆసుపత్రి నుంచి ఒక పెద్ద డాక్టరమ్మ, ఆవిడతో ఇద్దరు. మేనేజరుగారు, ఆయన టీ. ఇస్త్రీ చేసిన నీలం చొక్కాలో రంగులాయన. ఆ ఇస్త్రీ గురించి నేనేమీ మాట్లాడను. తెర పక్కన స్పీకరు, స్పీకరు పక్కన పరీక్షలక్క.

పరీక్షలక్క అంటే మా పుస్తకాలు బయటికి వెళ్ళేముందు పరీక్షించే ఆవిడ. చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు ఒకటి ఆవిడ కంప్యూటర్లో ఉంటుంది. మామూలు మనుషులకి రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు వినిపించేంత వేగంగా అది మాట్లాడుతుంది, అక్క మాత్రం ఇంకా నిదానమే అంటుంది. ఆవిడ నోట్లో పడని మేనేజరు లేడు. నన్ను కోతిపిల్ల అంటుంది. ఆ రోజు ఆవిడని స్పీకరు పక్కన కూర్చోమన్నది నేనే, అక్కడ గాలి బాగా వస్తుందని. ఆవిడ కంప్యూటరుని కూడా పెద్ద తెరకి కలిపి పెట్టాను, ముందుజాగ్రత్తకి. ఆ గొంతు ఆసుపత్రి వాళ్ళకి కూడా వినపడితే బాగుంటుందని స్పీకరు కాస్త పెంచాను. మర్యాద కోసం.

రంగులాయన గొంతు సవరించుకున్నారు. "మీరు ఇప్పుడు చూడబోయేది కంటికి పండగలా ఉంటుందండి," అని పుస్తకం తెరిచారు.

తెల్లటి తెర. నల్లటి అక్షరాలు. బటన్లు గీతగీసిన పెట్టెల్లా ఒకదాని కింద ఒకటి. నీలం లేదు, నీడ లేదు, ఏమీ లేదు.

"ఒక్క నిమిషం," అన్నారు ఆయన. మళ్ళీ తెరిచారు. మళ్ళీ అదే.

"నెట్ పోయినట్టుందండి," అన్నాను గోడ దగ్గర్నుంచి. "ఇప్పుడే పోయింది. రంగుల ఫైలు రాలేదు."

నెట్ మీద ఎంత పెద్ద నేరం మోపినా ఎవరూ అనుమానించరు. అందరూ తలలూపారు. ఆయన మాత్రం తెర వైపు అలాగే చూస్తున్నారు. ఆయన కళ్ళు తన నీలం పెట్టె కోసం వెతుకుతున్నాయి. దాన్ని నొక్కడం తెలుసు. అది లేనప్పుడు ఎక్కడ నొక్కాలో, ఇన్నాళ్ళూ తాను రంగులద్దుతున్నది దేనికో ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. చెమటపట్టిన ఆయన మెడ చూస్తే నాకు సంతోషం వెయ్యాలి. వెయ్యలేదు. లేచి వెళ్ళి రుమాలు ఇవ్వాలనిపించింది. కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు వడగళ్ళ చప్పుడు మొదలైంది. అక్క వేళ్ళు కీబోర్డు మీద నడుస్తున్నాయి. తెర మీద ఒక అధ్యాయం విచ్చుకుంది, అది ముడుచుకుని పక్కది తెరుచుకుంది, అందులోంచి చిన్న కిటికీ వచ్చింది, జవాబు పడింది, కిటికీ మూసుకుంది, గొంతు సరిగ్గా తాను ఆపిన వాక్యం దగ్గర మళ్ళీ అందుకుంది.

"ఎవరు నడుపుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"నేనేనండి," అంది అక్క. "మీరు మాట్లాడట్లేదు కదా అని ముందుకెళ్ళాను."

"రంగులు రాలేదమ్మా," అన్నారు మేనేజరుగారు.

"అలాగాండి. పుస్తకం అయితే తెరుచుకునే ఉంది."

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మా దగ్గర కళ్ళకి కట్టుతో ఇంటికెళ్ళేవాళ్ళుంటారు. చేతులు వణికేవాళ్ళుంటారు. వాళ్ళకి కావలసింది ఇదే. ఇది చేసిందెవరు?"

గదిలో అందరూ రంగులాయన వైపు చూశారు. ఆయన రంగులేని తెర వైపు చూశారు.

"నేనండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరూ ఆపకముందే లేచి ముందుకెళ్ళి, తెరని ఫోనంత సన్నగా కుదించి చూపించాను, మౌస్ పక్కకి నెట్టేసి నడిపించాను, డాక్టరమ్మ ఏది అడిగితే దానికి జవాబు చెప్పాను. చేసిన పని గురించి మాట్లాడటం ఇంత తేలిక అని నాకెవరూ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపింది. మేనేజరుగారు టీ తిప్పడం మానేసి, "బాధ్యత నీకే ఇద్దామనుకుంటున్నాను. భోజనాలయ్యాక నా గదికి రండి," అన్నారు. నువ్వా మీరా అన్నది తేల్చుకోలేకపోయారు పాపం.

వరండాలో మా ఆయన నా పక్కన నడిచారు. "నెట్ పోవడం నీకు కలిసొచ్చింది," అన్నారు. మంచిగానే అన్నారు. "తీసుకో, తప్పేముంది. సగం రోజు ఉంటూనే తీసుకో. వెనకనుంచి నేను చూసుకుంటానులే." తర్వాత నుదురు నొక్కుకుంటూ, "సాయంత్రం అమ్మ మందులు నువ్వు తెస్తావా? నాకు తల పగిలిపోతోంది," అన్నారు.

తెస్తానన్నాను.

అక్క మెట్ల దగ్గర ఒక్కతే కూర్చుని చెవుల్లో పెట్టుకునే తీగ చుట్టుకుంటోంది. నా అడుగులు గుర్తుపట్టింది.

"కోతిపిల్లా, కూర్చో. నెట్ ఎప్పుడు పోయింది?"

"మీటింగులోనే అక్కా. చూశావుగా." నాలిక్కరుచుకున్నాను.

"చూశాను," అంది అక్క తాపీగా. "పొద్దున్నే నేనొచ్చి గది తెరిచి పుస్తకం పెట్టుకునేసరికే జాబితాలు చదివింది."

నాకు అర్థం కాలేదు.

"నీ బోడి సెట్లో మందుల పేర్ల పక్కన చుక్కలుంటాయి కదా. ఆ చుక్కలు బాగోలేవని మీ ఆయన రంగులేసేటప్పుడు తీసేస్తాడు. అవి పోతే నా కంప్యూటర్లో గొంతు దాన్ని జాబితా అనుకోదు. ఎన్ని మందులో చెప్పదు, ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో చెప్పదు. మందులన్నీ ఒక్క మందులాగా గడగడా చదివేసి పోతుంది. ఇవాళ మాత్రం శుభ్రంగా జాబితా అని మొదలుపెట్టి, ఎన్నున్నాయో చెప్పి, అయిపోయింది అని కూడా చెప్పింది. ఎంత హాయిగా ఉందో. రంగులెవరో పీకేశారని అప్పుడే అనుకున్నాను. అంతలో నువ్వొచ్చి, అక్కా స్పీకరు పక్కన కూర్చో, గాలి బాగా వస్తుంది అన్నావు. అక్కడ ఏసీ నీళ్ళు కారతాయే. భుజం తడిసింది."

నేను పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"ఈ చుక్కల సంగతి నీకు ఎప్పుడో చెప్పాను," అంది అక్క. "చూస్తానక్కా అన్నావు. తర్వాత మళ్ళీ చెప్పాను. అప్పుడొక జోకేశావు. బాగుంది జోకు, నేనూ నవ్వాను. చూపు లేనిదానికి రంగులు పోయిన సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నావు కదా?"

మామూలుగా నా నోట్లో ఎప్పుడూ అబద్ధాలు సిద్ధంగా ఉంటాయి, పొద్దున్నే స్నానం చేసి తలదువ్వుకుని మరీ. ఒక్కటీ రాలేదు.

"అవునక్కా," అన్నాను.

"నన్ను ముందు అడిగుంటే ఒప్పుకునేదాన్ని. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని గానీ ఒప్పుకునేదాన్ని. నువ్వు నన్ను ఆటలో చేర్చుకోలేదు. సామాన్లలో చేర్చావు."

అక్క గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. అక్కడ ఆ మెట్టు మీద కూర్చుని ఆలోచిస్తే, అక్క రెండోసారి వచ్చి చెప్పినప్పుడు నేను ఏం చేస్తున్నానో గుర్తొచ్చింది. ఎవరో లేపితే లేచి వచ్చి, రాస్తున్నది ఎక్కడ ఆపానో వెతుక్కుంటున్నాను. నాకూ పని ఉంది, నాకూ అలసట ఉంది, నేనూ మంచిగానే నవ్వాను. ఎవరు ఎవర్ని పట్టించుకోకపోయినా ఇలాగే ఉంటుందేమో, మంచిగా నవ్వుతూ, చేతిలో వేరే పనితో. ఆ ఆలోచన నన్ను ఎవరిమీదా కోప్పడకుండా చెయ్యలేదు. కోపం కోపంగానే ఉంది, దాని పక్కన ఇది వచ్చి కూర్చుంది, రెండూ ఒకదాన్నొకటి జరగమనలేదు.

"చెప్పేస్తావా అక్కా?"

"నేనెందుకు చెప్తాను? నా ఉద్యోగం పుస్తకాల్లో తప్పులు పట్టడం," అని లేచి, నేను లేచేలోపే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మేనేజరుగారి గదిలో మా ఆయన ముందే కూర్చుని ఉన్నారు. "తనకి మాట్లాడటం కొంచెం కష్టం, అందుకే నేను కూడా వచ్చాను," అని చెప్తున్నారు. నేను రాగానే నవ్వి, పక్క కుర్చీ నాకోసం వెనక్కి జరిపారు. మేనేజరుగారు చాలా సంతోషంగా ఉన్నారు. ఆ సంతోషం చెదరకుండా ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. కుర్చీలో కూర్చుని థ్యాంక్సండి అంటే చాలు.

"నెట్ పోలేదండి," అన్నాను నిలబడే.

"ఏంటమ్మా?"

"పుస్తకానికి దొరక్కుండా రంగుల ఫైలు పేరులో ఒక అక్షరం మార్చాను. పొద్దున్న ఇంట్లో టీ మరిగేలోపు కూర్చుని మార్చాను. మా ఆయనకి తెలియదు. అక్కకి చెప్పకుండా అక్కని స్పీకరు పక్కన కూర్చోబెట్టింది కూడా నేనే. మందుల జాబితాలు తనకి సరిగ్గా వినపడట్లేదని ఆవిడ చెప్పి చాలా కాలమైంది. ఆ మాట నా దగ్గరే ఆగిపోయింది. బాధ్యత నాకిచ్చినా, ఇంకెవరికిచ్చినా, ముందు దాన్ని సరిచేస్తాను."

గదిలో చెంచా చప్పుడు ఆగిపోయింది. మా ఆయన మెల్లగా నావైపు తిరిగారు. ఆ మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. ఉందేమో, వెనకెక్కడో. ముందు మాత్రం, తర్వాత నేనేం అంటానో తెలియని మనిషి కళ్ళు ఉన్నాయి. పెళ్ళయ్యాక ఆయన నన్ను అలా చూడటం అదే మొదటిసారి.

"ఇంత పని ఎందుకు చేశావమ్మా?" అన్నారు మేనేజరుగారు.

ఈసారి నా నోటికి వచ్చింది జోకు కాదు.

"రంగులున్నంతకాలం ఈ గదిలో నన్నెవరూ ఏమీ అడగలేదండి. నేను సగం రోజుకి మారతానా అని కూడా అడగలేదు. అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని, మారనని."